నడకదారి ఆఖరి పని

అందరికీ నమస్కారం. ముందుగా మీకొక ప్రశ్న. నగరంలో పాడైపోయిన ఒక నదిని బాగుచేసే పథకం ప్రకటించారనుకోండి. మర్నాడు పేపర్లో దాని ఊహాచిత్రం వస్తుంది. అందులో ఏమేం ఉంటాయో చెప్పండి. నడకదారి, సరే. సైకిల్ ట్రాక్. వెనక ఎవరో లైట్లు అన్నారు, అవును, లైట్లు తప్పకుండా ఉంటాయి. ఫౌంటెన్ ఉంటుంది. బెలూన్ పట్టుకుని పరిగెత్తే ఒక పాప ఉంటుంది. (నవ్వులు) ఇక నీళ్లు నీలంగా ఉంటాయి. ఆ నీలం ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం బొమ్మలో ఎక్కడా కనబడదు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది దాని గురించే.

నా వాదన చిన్నది. నదిని పచ్చని బహిరంగ స్థలంగా మార్చే పనికి ఒక వరస ఉంది. మురుగు సంగతి ముందు, వరదకు చోటు తర్వాత, నడకదారి అన్నిటికన్నా చివర. దాదాపు ప్రతిచోటా ఈ వరసను తలకిందులు చేయాలనే ఒత్తిడి ఉంటుంది. ఎందుకంటే నడకదారికి రిబ్బన్ కత్తిరించవచ్చు, భూమిలో పదిహేను మీటర్ల లోతున వేసిన పైపుకు ఎవరూ రిబ్బన్ కత్తిరించరు.

నది ఎలా పాడైందని అడిగితే చాలామంది చెత్త అంటారు. చెత్త కంటికి కనబడుతుంది కాబట్టి నింద దానిమీద పడుతుంది. నిజానికి ఈ మొత్తం పనిలో చెత్త ఏరడమే తేలిక. అసలు జబ్బులు రెండు. వేసవిలో నదిని నడిపించేది నేలలోంచి మెల్లగా ఊరే నీరు. పైన ఆనకట్ట కట్టి, చుట్టూ బోర్లు వేసి తోడేశాక ఆ ఊట ఆగిపోతుంది. అప్పుడు నదిలో పారుతూ మిగిలేది మన బాత్రూముల నుంచి, వంటగదుల నుంచి, ఫ్యాక్టరీల నుంచి వచ్చిన నీరే. రెండో జబ్బు వాన పడ్డ రోజున బయటపడుతుంది. చెట్లూ గడ్డీ ఉన్న నేలమీద పడిన వానలో సుమారు పదో వంతు మాత్రమే పైపైన పారి వాగుల్లో కలుస్తుంది. మిగతాది ఇంకిపోతుంది, ఆవిరైపోతుంది. రోడ్లూ కప్పులూ నేలను దాదాపు పూర్తిగా కప్పేసిన చోట సగానికి పైగా పైపైనే పారుతుంది, అదీ కొద్ది గంటల్లో, ఒక్కసారిగా. అందుకే ఒకే నది ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగు కాలువలా, నాలుగైదు రోజులు మీదపడే వరదలా ఉంటుంది. ఈ రెండింటి జోలికీ వెళ్లని పథకం ఎంత ఖర్చుపెట్టినా గట్టుకు వేసిన రంగే.

ఒక అంకె చెబుతాను, గుర్తుంచుకోండి. నీటిలోని కుళ్లును తినే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ లాగేసుకుంటాయో చెప్పే కొలతను బీఓడీ అంటారు. ఇళ్ల నుంచి వచ్చే పచ్చి మురుగులో అది మామూలుగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. నదిలో స్నానం చేయాలంటే 3 మించకూడదని, కరిగిన ఆక్సిజన్ కనీసం 5 ఉండాలని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. 300 నుంచి 3కు రావాలి. గట్టుమీద ఎన్ని పూలమొక్కలు నాటినా ఆ దూరంలో ఒక్క అడుగు కూడా తగ్గదు. ఆక్సిజన్ పూర్తిగా అయిపోయాక అడుగున గాలి అక్కర్లేని బాక్టీరియా పనిలోకి దిగుతుంది, కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది. అక్కడ ఎంత ఖరీదైన బెంచీ వేసినా కూర్చునేవాళ్లుండరు. పైగా మురుగు రావడం ఆగిన తర్వాత కూడా ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి బురద అడుగున ఉంటుంది. ఫ్యాక్టరీలున్న చోట అందులో సీసం, క్రోమియం లాంటివి చేరి ఉంటాయి. దాన్ని తీసి ఎక్కడ వేస్తారు? పథకం అంచనాల్లో నేను ముందు వెతికే పేజీ అదే. ఎక్కువసార్లు ఆ పేజీ ఉండదు.

ఇప్పుడు జర్మనీకి వెళదాం. రూర్ ప్రాంతంలో ఎంషర్ అనే నది ఉంది. బొగ్గు గనుల మధ్య నుంచి పారి రైన్‌లో కలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివరికి అక్కడ గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు, లక్షల మంది కార్మికులు చేరారు. కింద గనులు తవ్వుతుంటే పైన నేల కుంగుతుంది. నేల కుంగితే భూగర్భ మురుగు పైపులు విరిగిపోతాయి. మరేం చేయాలి? 1899లో ఆ నదీ ప్రాంతపు పట్టణాలు, గనులు కలిసి ఒక సహకార సంస్థ పెట్టుకుని, నదినే మురుగు కాలువగా మార్చేశాయి. వంపులు తీసేసి నిటారుగా చేశారు, అడుగునా పక్కలా కాంక్రీటు పరిచారు, రెండు వైపులా కంచె వేశారు. కళ్లెదుట తెరిచి ఉన్న మురుగు కాలువ ఆ పట్టణాల మధ్య నుంచి దాదాపు ఒక శతాబ్దం పారింది. మనకు వింతగా అనిపించవచ్చు గానీ, ఆ రోజుల్లో అది తెలివితక్కువ నిర్ణయమేమీ కాదు. టైఫాయిడ్ చెలరేగుతున్న ఊళ్లలో మురుగు నిలవకుండా వెళ్లిపోవడమే పెద్ద మేలు.

గనులు ఉత్తరానికి జరిగాయి, నేల కుదురుకుంది. 1992 ప్రాంతంలో నదిని తిరిగి నదిగా మార్చాలని అదే సంస్థ నిర్ణయించింది. అక్కడ వాళ్లు మొదట చేసిన పని చూడండి. కొత్త శుద్ధి కేంద్రాలు కట్టారు. తర్వాత డోర్ట్‌మండ్ నుంచి డిన్స్‌లాకెన్ దాకా, నదికి సమాంతరంగా, భూమి కింద 51 కిలోమీటర్ల పొడవైన పెద్ద మురుగు సొరంగం వేశారు. కొన్నిచోట్ల 40 మీటర్ల లోతు. నీరు వాలుగా పారాలి కాబట్టి సొరంగం లోతుకు దిగుతూ పోతుంది. మధ్యమధ్యలో పంపింగ్ స్టేషన్లు పెట్టి మురుగును పైకెత్తాలి. 2021 చివరికి ఎంషర్‌లోకి మురుగు రావడం ఆగిపోయింది. దాదాపు 30 ఏళ్లు, 500 కోట్ల యూరోలకు పైగా ఖర్చు. ఈ కాలమంతటిలో ఎన్ని ఎన్నికలు జరిగి ఉంటాయో, ఎంతమంది మేయర్లు మారి ఉంటారో ఆలోచించండి. పని మాత్రం ఆగలేదు. ఆ సంస్థ ఏ ఒక్క ఊరి చేతిలోనూ లేదు, మొత్తం నదీ పరీవాహక ప్రాంతం దాని పరిధి, ఖర్చు భరించేది దాని సభ్యులు. నన్నడిగితే ఎంషర్ నుంచి సొరంగం కన్నా ముందు నేర్చుకోవాల్సింది ఈ ఏర్పాటునే. మురుగు ఆగిన ఉపనదుల దగ్గర వరసగా కాంక్రీటు తీసేస్తూ వచ్చారు. కంచెలున్నచోట ఇప్పుడు సైకిల్ దారులున్నాయి. చూశారా, సైకిల్ దారి అక్కడా వచ్చింది, తన వంతు వచ్చాక.

ఇక్కడ ఒక చిక్కు గురించి హెచ్చరించాలి. మురుగును పట్టి, పెద్ద పైపులో వేసి, ఊరి చివర శుద్ధి కేంద్రానికి పంపేస్తే నది శుభ్రమవుతుందని అనుకుంటాం. శుభ్రమవుతుంది. దాంతోపాటు ఎండిపోతుంది కూడా. ఎందుకంటే వేసవిలో అందులో ఉన్నదే ఆ నీరు. అందుకే శుద్ధి కేంద్రాలు ఒకేచోట భారీగా కట్టడం కన్నా, నది పొడవునా చిన్నవి కట్టి, బాగా శుద్ధిచేసిన నీటిని అక్కడికక్కడే తిరిగి నదిలోకి వదలడం మేలు. చాలాచోట్ల ఈ ఆలోచన చేయరు. నది ఎండిపోయాక ఎక్కణ్నుంచో నీళ్లు తెచ్చి పోస్తారు.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని చోంగ్యేచోన్ ప్రపంచమంతా చెప్పుకునే కథ. 1958 నుంచి ఆ వాగును కాంక్రీటుతో కప్పేశారు, తర్వాత దానిపైన ఎలివేటెడ్ హైవే కట్టారు. 2003 జులైలో హైవేని కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబర్ 1న 5.8 కిలోమీటర్ల వాగును జనానికి తెరిచారు. రెండేళ్లు పట్టింది, అంతే. నగరం నడిబొడ్డున హైవే తీసేస్తే ట్రాఫిక్ స్తంభించిపోతుందని అందరూ భయపడ్డారు, అలా జరగలేదు. వేసవిలో వాగు పక్కన ఉష్ణోగ్రత కొన్ని వీధుల అవతలి రోడ్డుమీద కన్నా 3.3 నుంచి 5.9 డిగ్రీలు తక్కువ ఉన్నట్టు కొలిచారు. నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడను. ఒక హైవే స్థానంలో జనం కాళ్లు పెట్టుకుని కూర్చునే నీళ్లు రావడం మామూలు విషయం కాదు. అయితే ఆ నీరు వాగుది కాదు. హాన్ నది నుంచి, సబ్‌వే స్టేషన్లలో ఊరే భూగర్భజలం నుంచి రోజుకు సుమారు 1,20,000 టన్నులు పంపు చేస్తున్నారు. కరెంటు ఆపితే వాగు ఆగుతుంది. దాన్ని అందమైన పబ్లిక్ పార్కు అంటే నాకు పేచీ లేదు, నది పునరుద్ధరణకు నమూనా అంటేనే పేచీ.

మన దేశంలో అహ్మదాబాద్ సబర్మతి రివర్‌ఫ్రంట్ ఇదే కోవలోకి వస్తుంది. అక్కడ నది ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండేది. ఇప్పుడు నర్మద కాలువ నీటితో నింపి, కింద వాస్నా బ్యారేజీ దగ్గర ఆపుతున్నారు. కాంక్రీటు గోడలు కట్టి నది వెడల్పును తగ్గించి, అలా మిగిలిన నేలలో పార్కులు, రోడ్లు వేశారు. ఊరి మధ్యలో నిండుగా ఉన్న నీరు చూస్తే ఎవరికైనా బాగానే ఉంటుంది. బ్యారేజీ దాటి కిందికి వెళ్లి చూస్తే మాత్రం, దేశంలో అతి కలుషితమైన నదీ భాగాల జాబితాలో పై వరసలో కనబడే సబర్మతి ఉంటుంది. నదికి ఊరి సరిహద్దు తెలియదు, పథకాలకు తెలుస్తుంది.

ఇక వరద. ఇందులో నాకు బాగా నచ్చిన ఉదాహరణ సింగపూర్‌లోని కల్లాంగ్ నది. బిషాన్-ఆంగ్ మో క్యో అని ఒక పార్కు ఉంది. దాని పక్కనే కంచె అవతల 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువ, తీసిన గీతలా నిటారుగా. పార్కు ఒక శాఖది, కాలువ ఇంకో శాఖది. 2006లో మొదలైన నీటి కార్యక్రమం కింద ఆ రెండు శాఖలూ కలిసి కూర్చున్నాయి. కాలువ పగలగొట్టి నదిని పార్కులోకి తెచ్చారు. వంపులు తిరగడంతో దాని పొడవు సుమారు 3.2 కిలోమీటర్లయింది. 2012 మార్చిలో తెరిచారు. ఇంతకుముందు 20 మీటర్ల అటూఇటూ ఉన్న కాలువ, వరద వచ్చినప్పుడు పచ్చిక మీదికి పాకి దాదాపు 100 మీటర్ల వెడల్పు అవుతుంది. నీటిని మోసే సామర్థ్యం సుమారు 40 శాతం పెరిగింది. కాంక్రీటు ఉంటేనే వరద ఆగుతుందని నమ్మేవాళ్లకు ఈ అంకె చూపించాలి.

గట్టు కోసుకుపోదా అని ఇంజనీర్లు ముందే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని ముందు పార్కులోని ఒక చిన్న డ్రెయిన్ మీద ప్రయోగం చేసి చూశారు. రాళ్లు, కొబ్బరిపీచు లాంటి పీచు చుట్టలు, కొమ్మల కట్టలు, నాటగానే వేళ్లు దన్నే మొక్కలు, వీటిలో ఏది ఏ వాలుకు నిలుస్తుందో చూసి, నిలిచినవాటిని నదికి వాడారు. పగలగొట్టిన కాంక్రీటు ముక్కల్ని బయటికి తోలకుండా పార్కులోనే ఒక దిబ్బగా పేర్చారు, జనం ఎక్కి చూడ్డానికి. నది పక్కన నీటిమట్టం కొలిచే సెన్సర్లు, సైరన్లు, హెచ్చరిక దీపాలు పెట్టారు. వాన మొదలైతే జనానికి పైకి వెళ్లడానికి టైమ్ దొరుకుతుంది. కొన్నాళ్లకు నీటిపిల్లులు వచ్చి ఆ పార్కులో కాపురం పెట్టాయి. ఎవరూ తెచ్చి వదలలేదు. ఇప్పుడు వాటిని చూడ్డానికే జనం వస్తారు.

నెదర్లాండ్స్‌లో వరదకు చోటివ్వడమనేది ఇంకా కష్టమైన నిర్ణయం రూపంలో వచ్చింది. 1995లో వరద భయంతో అక్కడ రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. కరకట్టలు ఇంకా ఎత్తు చేయడం మొదటినుంచీ వాళ్లకు తెలిసిన దారి. ఈసారి కట్టల్ని వెనక్కి జరపాలనుకున్నారు. నైమేగన్ నగరం దగ్గర వాల్ నది బాగా ఇరుకవుతుంది. అక్కడ లెంట్ గ్రామం వైపు కట్టను 350 మీటర్లు లోపలికి జరిపి, ఒక కొత్త పాయ తవ్వారు. రెండు పాయల మధ్య ఒక లంక ఏర్పడింది. 2016కు పని పూర్తయింది. వరద పతాక స్థాయిలో నీటిమట్టం 30 సెంటీమీటర్లకు పైగా తగ్గుతుంది. మిగతా రోజుల్లో ఆ పాయా లంకా నగరానికి పార్కు. ఈత, పడవలు, నడక, పండగలు, అన్నీ అక్కడే. దీనికోసం సుమారు యాభై ఇళ్లు తీసేయాల్సి వచ్చింది. ఊళ్లో గొడవలు అయ్యాయి, ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. వరద మైదానంలో కట్టుకున్న తర్వాత చోటు తిరిగి సంపాదించడం ఎంత కష్టమో ఇందులో తెలుస్తుంది. ఇంకా కట్టని చోటు మిగిలి ఉన్న నగరాలు అదృష్టవంతులు, వాళ్లకు ఆ సంగతి తెలిస్తే.

జర్మనీలోనే మ్యూనిక్ నగరంలో పారే ఇజార్ నది గురించి రెండు మాటలే చెప్పి ముందుకెళతాను. 2000 నుంచి 2011 వరకు, 8 కిలోమీటర్లు, సుమారు 3.5 కోట్ల యూరోలు. కాంక్రీటు అంచులు తీసేసి, గులకరాళ్ల ఒడ్డులు తిరిగి ఏర్పడేలా నదిని వెడల్పు చేశారు. అక్కడ నాకు నచ్చింది ఎక్కడో పైన జరిగిన పని. నగరానికి ఎగువన ఉన్న ఊళ్ల శుద్ధి కేంద్రాల్లో నీటిని అతినీలలోహిత కిరణాలతో క్రిమిరహితం చేసే పరికరాలు పెట్టారు. మ్యూనిక్ పిల్లలు ఈదాలంటే ఎగువ ఊరి ప్లాంటులో లైటు వెలగాలన్నమాట.

ఇప్పుడు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్. ఇది చెబితే కొందరు ఇంజనీర్ మిత్రులు నొచ్చుకుంటారు. (నవ్వులు) మంథనారెస్ అని అక్కడో చిన్న నది. దాని రెండు గట్ల మీదా రింగ్ రోడ్డు ఉండేది. 2007కల్లా ఆ రోడ్డును సొరంగాల్లోకి దించారు, పైన 2011కు మాడ్రిడ్ రియో అనే పెద్ద పార్కు తయారైంది. వంతెనలు, వేల చెట్లు, ఆటస్థలాలు, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. నది మాత్రం గేట్ల వెనక నిలవ నీరుగానే ఉండిపోయింది, కాలువలో పోసి ఉంచినట్టు. పర్యావరణ కార్యకర్తలు ఆ గేట్లు ఎత్తేయమని అడిగారు. 2016లో నగరపాలక సంస్థ ఎత్తేసింది. నీళ్లు తగ్గి పారడం మొదలయ్యేసరికి అడుగున ఇసుక మేటలు పడ్డాయి, మేటల మీద గడ్డి, గడ్డిలో విల్లో మొక్కలు, వాటిమీదికి కొంగలు వచ్చాయి. ఎవరూ నాటలేదు, ఎవరూ డిజైన్ చేయలేదు. అంత పెద్ద పార్కు మధ్యలో జనం ఇప్పుడు ఆగి చూసేది తనంతట తాను వచ్చిన ఆ ఇసుక దిబ్బనే. కొందరు పౌరులు మొదట్లో ఫిర్యాదు చేశారు, నీళ్లు తగ్గాయి, కలుపు పెరిగింది అని. నది అంటే అంచుదాకా నిండిన నీళ్లని మనకు అలవాటైపోయింది. ఊరి మధ్య చిన్న నది సహజంగా ఉంటే అందులో ఇసుక కనబడుతుంది, జమ్ము పెరుగుతుంది, ఒక ఒడ్డు కోసుకుని ఇంకో ఒడ్డు మేట వేస్తుంది. దాన్ని చూసి శుభ్రం చేయలేదని అనుకోవడం మానేయాలి.

నిర్వహణ గురించి మాట్లాడమని నిర్వాహకులు ప్రత్యేకంగా కోరారు, కాబట్టి త్వరగా చెబుతాను. వరద పార్కులో ప్రతి వానాకాలం తర్వాత బురద ఉంటుంది. అది పాడవడం కాదు, పార్కు తన పని తాను చేసిందనడానికి గుర్తు. కాబట్టి నీటికి దగ్గరగా ఉండే కింది మెట్టులో పెట్టే ప్రతి వస్తువూ మునిగినా పాడవనిదిగా ఉండాలి. తేలిపోయే బెంచీలు వద్దు, కరెంటు బోర్డులు వద్దు, కార్పెట్ గడ్డి వద్దు. టాయిలెట్లు, దుకాణాలు, పిల్లల ఆటస్థలం పై మెట్టులో. నీటి అంచున తుంగ, జమ్ము, రెల్లు, అంటే మునిగినా బతికేవి. గుర్రపుడెక్క కనబడితే చాలావరకు ఇంకా ఎక్కడో మురుగు కలుస్తోందని అర్థం, ముందు దాన్ని వెతకండి, డెక్క తీయించే కాంట్రాక్టు తర్వాత ఇద్దురు గాని. రాత్రంతా నీటిమీద రంగు లైట్లు వేయడం దయచేసి మానండి, చేపలకూ పక్షులకూ పురుగులకూ రాత్రి కావాలి. జీతాలకూ మరమ్మతులకూ ఏటా డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో పథకం మొదట్లోనే రాసుకోకపోతే, మూడో ఏడాదికి గేటుకు తాళం పడుతుంది.

చివరిగా మనుషుల సంగతి. పాడైన నది పక్కన నేల చౌక, అందుకే డబ్బులేనివాళ్లు అక్కడ ఉంటారు. నది బాగుపడగానే ఆ నేల ఖరీదవుతుంది. సియోల్‌లో వాగు పక్క వీధి వ్యాపారులను దోంగ్‌దెమున్ స్టేడియానికి తరలించారు. కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నీ కూల్చేశారు, వాళ్లు మళ్లీ లేచిపోవాల్సి వచ్చింది. అలా ఒకే మనిషి రెండుసార్లు దుకాణం ఎత్తాడు. సింగపూర్ నది శుద్ధి 1977 నుంచి 1987 దాకా పదేళ్లు జరిగింది. అప్పుడు కూడా వేలాది కుటుంబాలనూ, పందుల పెంపకందారులనూ, తోపుడుబండ్ల వాళ్లనూ కదిలించారు. అయితే అక్కడ తోపుడుబండ్లకు మురుగు కనెక్షన్ ఉన్న మార్కెట్లు కట్టి ఇచ్చారు, కుటుంబాలకు ప్రభుత్వ ఫ్లాట్లు ఇచ్చారు. అందరూ సంతోషంగా వెళ్లారని కాదు. నదిలోకి వెళ్లే మురుగూ, మనిషి బతుకుతెరువూ ఒకే లెక్కలో వేసి చూశారు. నది ఒడ్డున ఉన్నవాళ్లందరినీ ఆక్రమణదారులు అని ఒక్క మాటలో కొట్టేయడం సులభం. వరద మార్గంలో అడ్డంగా లేచిన పెద్ద అపార్ట్‌మెంట్ల దగ్గరికి వచ్చేసరికి అదే మాట అనడానికి నోళ్లు పెగలవు. ఎవరు వరదకు నిజంగా అడ్డున్నారో నీటిమట్టాల మ్యాప్ చెబుతుంది. ఆ మ్యాప్ జనం భాషలో, వార్డు వారీగా, పని మొదలుపెట్టడానికి ముందే గోడమీద అంటించాలి. ఒకవేళ మనుషుల్ని కదిలించాల్సే వస్తే, కొత్త ఇల్లు తాళంచెవి చేతిలో పడ్డాకే పాత ఇంటిమీదికి బుల్డోజర్ రావాలి. అదీ నడిచి పనికి వెళ్లగలిగే దూరంలో.

నాకిచ్చిన సమయం దాటిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. శుద్ధి కేంద్రాల ఖర్చు గురించి ముందు వరసలో ఇందాకే చెయ్యెత్తారు, మీతోనే మొదలుపెడదాం.